మన సీమ నీటి చదువు: పోరుమామిళ్ల శాసనం నుంచి పర్యావరణ ఇంజనీరింగ్ దాకా

కిందటేడు మన పూర్వ విద్యార్థుల సంఘం వార్షికోత్సవంలో పదో తరగతి పిల్లలకు పై చదువుల గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను వేదిక మీదికి పిలిచారు. పర్యావరణ ఇంజనీరింగ్ చదివి, ముప్పై ఏళ్లకు పైగా తాగునీటి పథకాల్లో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి కదా, నాకు తెలిసిందే చెప్పాను. చివర్లో మూడో వరుసలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, పర్యావరణ ఇంజనీరింగ్ అంటే చెట్లు నాటడమా?" అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికి వచ్చాక ఆ నవ్వు నాకే నచ్చలేదు. ఆ పిల్ల అడిగిందాంట్లో తప్పేముంది? కర్నూలు, కడప రెండు జిల్లాల పిల్లలూ చదువుకునే బడి మనది. ఈ రెండు జిల్లాల్లో నీటి కథ తెలియని ఇల్లు లేదు. ఆ నీటిని శాస్త్రంగా చదివే చదువు ఒకటుందని, దానికి మన నేల మీద ఆరు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉందని మాత్రం మన పిల్లలకు ఎవరూ చెప్పలేదు. స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం కావాలని సంపాదకవర్గం అడిగినప్పుడు, ఆ అమ్మాయికి వేదిక మీద ఇవ్వలేకపోయిన జవాబే రాద్దామనుకున్నాను.

పన్నెండు అంగాలు, ఆరు దోషాలు

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు మనలో చాలామంది చూసిందే. ఆ చెరువుకు అనంతరాజ సాగరమని పాత పేరు. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు దాన్ని కట్టించి, 1369లో సంస్కృతంలో శాసనం వేయించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు పనిచేస్తే రెండేళ్లకు కట్ట పూర్తయిందని ఆ శాసనం చెబుతుంది.

మామూలుగా శాసనాల్లో దానం ఇచ్చినవాడి వంశం, బిరుదులు, దానాన్ని చెడగొట్టినవాడికి తగిలే పాపం ఉంటాయి. పోరుమామిళ్ల శాసనంలో వాటితో పాటు ఒక ఇంజనీరింగ్ పాఠం ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలని అందులో లెక్కపెట్టారు. మొదటిది, ధర్మబుద్ధీ ధనమూ ఉన్న రాజు. రెండోది, జలశాస్త్రం తెలిసిన పండితుడు. తర్వాత గట్టి బంకమన్ను నేల, తియ్యటి నీళ్లు తెచ్చే ఏరు, కట్టను ఆనుకునే కొండ, మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, లోతూ వైశాల్యమూ ఉన్న గర్భం, దగ్గర్లో నిడుపాటి రాళ్లు దొరికే గని, దిగువన చదునైన సారవంతమైన పొలాలు. ఇలా సాగి, చిట్టచివర పన్నెండో అంగంగా పని తెలిసిన మనుషుల బృందాన్ని చెప్పారు.

ఆ వెంటనే ఆరు దోషాలు. కట్టలోంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండటం, చెరువు మధ్యలో మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై పొలం తక్కువ కావడం.

ఈ ఆరింటినీ మరొక్కసారి చదవండి. చౌడు నేల అంటే నీటి నాణ్యత, నేల రసాయనం. సరిహద్దు దోషం అంటే ఈనాటి నదీజలాల తగాదాలు. నీటికీ ఆయకట్టుకూ పొంతన ఉండాలన్నది ఇప్పుడు మనం జలసమతుల్యం పేరుతో లెక్కగట్టేదే. ఇంకో మాట. రాజు తర్వాత రెండో స్థానం సేనాపతికో మంత్రికో ఇవ్వలేదు, నీటి శాస్త్రం తెలిసినవాడికి ఇచ్చారు. వాన తక్కువ పడే సీమలో బతికినవాళ్లకు ఆ విలువ తెలుసు.

కె.సి. కాలువ నేర్పిన పాఠం

తర్వాతి పాఠం మన బడి పిల్లలు ఈతకు దిగి దెబ్బలు తిన్న కె.సి. కాలువదే. సర్ ఆర్థర్ కాటన్ దొర ప్రోత్సాహంతో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1858లో లండనులో పుట్టింది. పెట్టుబడి మీద ప్రభుత్వమే వడ్డీకి పూచీ పడింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డంగా ఆనకట్ట కట్టి, అక్కడినుంచి కడప దాకా మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు కాలువ తవ్వారు. 1863 నుంచి 1870 దాకా సాగిన ఆ పనిలో పడవల రాకపోకలకూ ఏర్పాటు చేశారు. కృష్ణా పరీవాహకంలోని తుంగభద్ర నీళ్లు గట్టు దాటి పెన్నా పరీవాహకంలోకి రావడం ఆ కాలానికి పెద్ద సాహసమే.

కొలతల వరకు వాళ్లు దిట్టలే. మనుషులనూ నేలనూ మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. నల్లరేగడిలో జొన్న, పత్తి మెట్టపైరుగా పండించే రైతు, వాన కురిసిన ఏడు డబ్బిచ్చి కాలువ నీళ్లు ఎందుకు కొంటాడు? రేగడి నేలకు తడి ఎక్కువైతే పైరు చెడుతుందని అతనికి తెలుసు. కరువొచ్చిన ఏడు మాత్రం కాలువ కోసం ఎగబడ్డాడు. లాభాలు వస్తాయనుకున్న కంపెనీ అప్పుల్లో మునిగి, 1882లో కాలువను ప్రభుత్వానికి అమ్ముకుంది.

కాలువ అయితే మిగిలింది. లక్షల మందికి అన్నం పెట్టింది, పెడుతోంది. అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఐ.సి.ఐ.డి. 2020లో వారసత్వ నిర్మాణాలుగా గుర్తించిన వాటిలో కె.సి. కాలువ, పోరుమామిళ్ల చెరువు, పాత కర్నూలు జిల్లాలో ఉండిన కంభం చెరువు, ఈ మూడూ ఉన్నాయి. కట్టడం వల్ల నేలకూ నీటికీ మనుషులకూ ఏం జరుగుతుందో కట్టకముందే అంచనా వేయాలని ఇప్పుడు పర్యావరణ ప్రభావ అంచనా పాఠంలో చెబుతున్నాం. ఆ పాఠాన్ని కె.సి. కాలువ నూట యాభై ఏళ్ల కిందటే చెప్పింది.

మోక్షగుండం వారి ఊటబావి

ఇంతవరకు చెప్పింది సాగునీటి సంగతి. మురుగు, తాగునీరు, రోగం, ఈ మూడింటి ముడి విప్పే చదువు వేరే దారిలో వచ్చింది. 1854లో లండనులో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవాళ్ల ఇళ్లను పటం మీద గుర్తుపెట్టి, అందరూ ఒకే వీధి పంపు నీళ్లు తాగారని చూపించాడు. నాలుగేళ్లకు థేమ్స్ నది కంపు భరించలేక అక్కడి పార్లమెంటు భూగర్భ మురుగు కాలువలకు డబ్బు మంజూరు చేసింది. శానిటరీ ఇంజనీరింగ్ అనే వృత్తి బలపడింది ఆ రోజుల్లోనే.

ఈ విద్యలో మన దేశంలో తొలినాళ్లలో పేరు తెచ్చుకున్నవారిలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఒకరు. ఆయన ఇంటిపేరు ఏ ఊరిదో మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? మోక్షగుండం గిద్దలూరు ప్రాంతంలోని పల్లె. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా అది కర్నూలు జిల్లాలోనే ఉండేది. ఆయన పూర్వీకులు అక్కడినుంచే మైసూరు సీమకు వలస వెళ్లారు.

విశ్వేశ్వరయ్య అనగానే కృష్ణరాజసాగరం చెబుతాం. అంతకు చాలా ముందు, 1890లలో, సింధులోని సుక్కూరు పట్టణానికి నీటి పథకం కట్టే బాధ్యత ఆయన మీద పడింది. సింధు నది నీళ్లు బురదమయం. వడపోత గదులు కట్టడానికి మునిసిపాలిటీ దగ్గర డబ్బు లేదు. ఆయన నది గర్భంలోనే బావి తవ్వించి, ఇసుకలోంచి వడిసి వచ్చిన తేట నీటిని తోడి ఊరికి ఇచ్చారు.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు మా అవ్వ గుర్తొచ్చింది. ఎండాకాలం ఏట్లో పారే నీళ్లు ఉన్నా అవి ముంచుకునేది కాదు. పక్కన ఇసుకలో చెలమ తవ్వి, మొదట ఊరిన నీళ్లు చిప్పతో తోడి పారబోసి, తేరినాక బిందె నింపేది. సుక్కూరు బావి చెలమకు పెద్దన్న. సీమ ఆడవాళ్లకు చేతి అలవాటుగా ఉన్నది ఇంజనీరు చేతిలో కొలతగా మారింది. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచాక, మరుసటేడు నిజాం ప్రభుత్వం పిలిస్తే ఆయన వచ్చి వరద నివారణకూ నగరం మురుగుకూ పథకాలు వేసిచ్చారు. వరదను ఆపడం, మురుగును తీయడం ఒకే ఇంజనీరు చేతి పనిగా ఉండేదన్నది గమనించాలి.

పేరు మారిన చదువు

మద్రాసు రాష్ట్రంలో ఇంజనీరింగ్ చదవాలంటే ఒకప్పుడు గిండీకి పోవాల్సిందే. రాయలసీమకు సొంత ఇంజనీరింగ్ కళాశాల 1946లో అనంతపురం రూపంలో దక్కింది. 1959లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. 1980 ప్రాంతంలో కడపలో కె.ఎస్.ఆర్.ఎం., ఆ దశాబ్దం మధ్యలో కర్నూలులో జి. పుల్లారెడ్డి కళాశాల మొదలయ్యాయి. మన బడి నుంచి సివిల్ ఇంజనీరింగుకు పోయినవాళ్లలో ఎక్కువమంది ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని గడప తొక్కినవాళ్లే.

నేను అనంతపురంలో చదివేనాటికి మా పుస్తకం మీద పేరు పబ్లిక్ హెల్త్ ఇంజనీరింగ్. పెద్దవాళ్లు శానిటరీ ఇంజనీరింగ్ అనేవారు. "నీళ్లు, మురుగు సబ్జెక్టు" అని మాలో మేము ఎగతాళి చేసుకునేవాళ్లం. డ్యాములు, వంతెనలు కట్టేవాడే ఇంజనీరు అని మా గర్వం.

ఆ పేరు ఊరికే మారలేదు. ప్రతి మార్పు వెనకా ఒక దెబ్బ ఉంది. 1955 చివర్లో ఢిల్లీలో నజఫ్‌గఢ్ మురుగు కాలువ నీరు యమునలో తాగునీరు తీసుకునే చోటికి ఎదురెక్కింది. క్లోరిన్ వేసినా వైరస్ చావలేదు. సుమారు 29 వేల మందికి పచ్చకామెర్లు వచ్చాయి. 1958లో నాగపూరులో ప్రజారోగ్య ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ నెలకొంది. అదే 1974లో ‘నీరి’గా, జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థగా పేరు మార్చుకుంది. ఆ ఏడే నీటి కాలుష్య నివారణ చట్టం వచ్చింది. 1976లో మన రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడింది. 1984 డిసెంబరులో భోపాల్. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం. 1994లో పెద్ద ప్రాజెక్టులకు ప్రభావ అంచనా తప్పనిసరి అయింది. చదువు నీరు, మురుగు దాటి గాలి, చెత్త, విష వ్యర్థాలు, శబ్దం దాకా విస్తరించింది. పాత పేరు సరిపోక పర్యావరణ ఇంజనీరింగ్ అయింది.

నీరి చేసిన పనుల్లో మనకు బాగా దగ్గరిది ఒకటుంది. పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లో, అక్కడి జనం నడుములు వంగిపోవడానికి నీటిలోని ఫ్లోరైడే కారణమని డాక్టర్ షార్ట్ బృందం చూపించింది. దేశంలో ఈ రోగం మీద తొలి శాస్త్రీయ నివేదికల్లో అది ముఖ్యమైనది. 1970లలో నీరి శాస్త్రవేత్తలు నల్గొండ పద్ధతిని రూపొందించారు. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పొడి లెక్క ప్రకారం కలిపి తిప్పితే పటిక తునకలు కట్టి, ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దిగుతుంది. పైతేట వడపోసి తాగొచ్చు. పట్టణస్థాయిలో ఈ పద్ధతిని ముందుగా అమలుచేసిన ఊళ్లలో మన కదిరి ఒకటి. పటిక ఎంత వేయాలో తెలియకుండా చేతికొచ్చినంత వేస్తే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. వేయాల్సిన దానికన్నా తక్కువైతే ఫ్లోరైడు పోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. ఆ కొలత తెలిసిన మనిషి ప్లాంటు దగ్గర ఉన్నన్నాళ్లే ప్లాంటు ప్లాంటుగా ఉంటుంది.

నా నోటు పుస్తకంలో ఒక పేజీ

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. గొప్ప కోసం కాదు.

1980ల మొదట్లో ఒక చిన్న పట్టణంలో అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్నాను. రోజు విడిచి రోజు గంటసేపు నీళ్లు వదిలేవాళ్లం. ఒక కాలనీలో ఇళ్లకు పోయే సన్న గొట్టాలు మురుగు కాలువలోంచే పోతున్నాయని మాఘమాసంలో చూసి నోటు పుస్తకంలో రాసుకున్నాను. అంచనా వేయాలి, మంజూరు కావాలి, ఎండాకాలం పోనీ అనుకున్నాను.

వైశాఖంలో ఆ కాలనీలో వాంతులు, భేదులు మొదలయ్యాయి. పరుగున వెళ్లి చివరి కుళాయి దగ్గర నీళ్లు పట్టి పరీక్షనాళికలో చుక్కలు వేశాను. క్లోరిన్ ఉంటే పసుపు రంగు తిరగాలి. తిరగలేదు. ట్యాంకు దగ్గర క్లోరిన్ సరిగానే ఉంది. నీళ్లు ఆపినప్పుడు ఖాళీ అయిన గొట్టం చిల్లుల్లోంచి మురుగును లోపలికి పీల్చుకుంటుంది. మళ్లీ వదిలినప్పుడు ముందు ఆ మురుగే ఇళ్లకు చేరుతుంది. కాలేజీలో ఇది పరీక్షకు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేను.

ఆ వారంలో ఇద్దరు పసిపిల్లలు పోయారు. ఒకరి ఇంటికి వెళ్తే, వాకిట్లో ఇత్తడి బిందె బూడిదతో తోమి తళతళలాడుతూ బోర్లించి ఉంది. ఆ తల్లి శుభ్రంలో లోపం లేదు. లోపం గొట్టంలో ఉంది. గొట్టం సంగతి నా నోటు పుస్తకంలో ఉంది.

తర్వాత సెలవు పెట్టి పబ్లిక్ హెల్త్‌లో ఎం.ఇ. చదవడానికి వెళ్లింది అందుకే. "మురుగు సబ్జెక్టు" అన్న ఎగతాళి మళ్లీ నా నోట రాలేదు.

ఇప్పుడు ఈ చదువు ఎలా ఉంది

పిల్లలకూ తల్లిదండ్రులకూ పనికొచ్చే వివరాలు కొన్ని. మన ప్రాంతంలో ఈ చదువుకు మామూలు దారి బి.టెక్. సివిల్ చదివి, ఎం.టెక్.లో పర్యావరణ ఇంజనీరింగ్ తీసుకోవడం. బి.టెక్.లోనే ఈ శాఖ ఉన్న కళాశాలలు దేశంలో కొన్నే ఉన్నాయి. ధన్‌బాద్ ఐ.ఐ.టి., ఢిల్లీ టెక్నలాజికల్ యూనివర్సిటీ, మైసూరులోని జయచామరాజేంద్ర కళాశాల అలాంటివి. 2015లో మొదలైన తిరుపతి ఐ.ఐ.టి.లో సివిల్ శాఖ పేరే సివిల్, పర్యావరణ ఇంజనీరింగ్ శాఖ. 2021 నుంచి గేట్ పరీక్షలో పర్యావరణ శాస్త్రం, ఇంజనీరింగ్ విడి పేపరుగా వచ్చింది. సివిల్ వాళ్లే కాక కెమికల్ ఇంజనీరింగ్, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం చదివినవాళ్లకూ అది తలుపు తెరిచింది.

లోపల చదివేదేమిటి? నీటి ప్రవాహపు లెక్కలు, రసాయనం, సూక్ష్మజీవులు, ఈ మూడూ కాళ్లయితే చదువు ముక్కాలి పీట. మురుగులో సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ తింటాయో కొలిచే బి.ఒ.డి. పరీక్ష, పటిక మోతాదు తేల్చే జార్ టెస్టు, పొగగొట్టం నుంచి వచ్చే దుమ్ము గాలిలో ఎంత దూరం పోతుందో చెప్పే లెక్క, చెత్త గుట్టను ఎలా తవ్వి వేరుచేయాలో చెప్పే పద్ధతి, ఇవన్నీ ఉంటాయి. శుద్ధిచేసిన మురుగును ఏట్లోకి వదలాలంటే బి.ఒ.డి. లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదన్న నియమం ఉంది. ఆ ముప్పై అంకెకు చేరేలా ట్యాంకు ఎంత కట్టాలో, గాలి ఎంత కొట్టాలో చెప్పగలిగితే ఇంజనీరు. గణితమంటే భయమున్న పిల్లలు "చెట్ల చదువు" అనుకుని ఇందులో చేరితే ఇబ్బంది పడతారు.

ఉద్యోగాల మాట. కాలుష్య నియంత్రణ మండలిలో అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరు పోస్టులు ఎ.పి.పి.ఎస్.సి. ద్వారా భర్తీ అవుతాయి. మండలికి కర్నూలులోనూ కడపలోనూ కార్యాలయాలున్నాయి. ప్రజారోగ్య ఇంజనీరింగ్ శాఖ, గ్రామీణ నీటి సరఫరా శాఖ, మునిసిపాలిటీలు ఎలాగూ ఉన్నాయి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాల్లో, ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రంలో దుమ్మునూ నీటినీ కనిపెట్టే విభాగాలు ఉండి తీరాలి. 2014 నుంచి ఇలాంటి పెద్ద పరిశ్రమలు పొగగొట్టాల లెక్కలు ఎప్పటికప్పుడు ఆన్‌లైన్‌లో మండలికి పంపాలన్న ఆదేశం ఉంది. గనులకూ ప్రాజెక్టులకూ ప్రభావ అంచనా నివేదికలు రాసేది గుర్తింపు పొందిన కన్సల్టెన్సీలు. అక్కడ మంచి నివేదిక రాయడం నేర్చుకోవచ్చు. ఎవరికో కావలసినట్టు నివేదిక రాసిపెట్టమనే ఒత్తిడీ అక్కడే ఎదురవుతుంది. పిల్లలు అది తెలిసే వెళ్లాలి. పరిశోధన మీద మనసున్నవాళ్లకు నీరి, ఐ.ఐ.టి.లు ఉన్నాయి. అమెరికాలో 1970లో ఇ.పి.ఎ. ఏర్పడి, 1972లో పరిశుద్ధ జలాల చట్టం వచ్చాక అక్కడ ఈ చదువుకు గిరాకీ పెరిగింది. మన తెలుగువాళ్లు అప్పటినుంచీ ఈ శాఖలో ఎం.ఎస్.కు వెళ్లి, పి.ఇ. లైసెన్సు తెచ్చుకుని, నగరాల నీటి శుద్ధి కేంద్రాల్లో స్థిరపడుతున్నారు.

దాచకుండా చెప్పాలంటే, మొదటి జీతం సాఫ్ట్‌వేర్ జీతంతో పోటీపడదు. కాంట్రాక్టు పోస్టులు ఎక్కువ. సర్కారు నోటిఫికేషన్లు ఏళ్లకేళ్లు ఆగుతాయి. అయినా పదేళ్ల అనుభవమున్న మనిషికి పని దొరకని రోజు నేను చూడలేదు.

మన ఇంటి ముందున్న పని

2009 అక్టోబరు 2న కర్నూలు మునిగింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల పైన వరద వచ్చింది. డ్యాము తట్టుకునేలా వేసుకున్న లెక్క 19 లక్షలు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకొచ్చాయి. మన సంఘం బియ్యం, దుప్పట్లు పంచింది. ఆ రోజుల్లో నేను చూసిందేమిటంటే, ఊరంతా నీళ్లే, తాగడానికి చుక్క లేదు. అన్నం పొట్లాలు ఇచ్చే చేతులు వందలున్నాయి. బావిలో బ్లీచింగ్ పొడి ఎంత వేయాలో, పంపు ఎప్పుడు ఆడించాలో చెప్పగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కించేంత మందే. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయినప్పుడు రాజంపేట పల్లెల్లోనూ అదే కొరత.

వరదలు పోనీ, రోజువారీ పని తక్కువా? బేతంచెర్ల పాలిష్ బండల ముద్ద ఎండి ఎగిరే దుమ్ము ఉంది. తుమ్మలపల్లె యురేనియం వ్యర్థాల చెరువు చుట్టుపక్కల రైతులు తమ బోర్ల గురించి చేసే ఫిర్యాదులు ఉన్నాయి. వాటికి కావలసింది నినాదమో ఖండనో కాదు, నమ్మదగిన మనిషి తీసిన నమూనా, నమ్మదగిన కొలత. ఊరూరా ఆర్.ఒ. ప్లాంట్లు వెలిశాయి. ఇరవై లీటర్ల క్యాను నింపడానికి ఎన్ని లీటర్లు మురుగు కాలువలోకి పోతున్నాయో ఎంతమంది లెక్కపెడుతున్నారు? వాన తక్కువ పడే సీమలో అది చిన్న లెక్క కాదు.

స్వర్ణోత్సవ సందర్భంగా సంఘానికి నా మనవి రెండు పనులే. ఒకటి, మన బడి కుళాయి నీళ్లను ఏటా వేసవికి ముందు, వర్షాలయ్యాక పరీక్ష చేయించి, ఫలితాన్ని నోటీసు బోర్డు మీద పెట్టడం. ఆ పరీక్ష తొమ్మిది, పది తరగతుల పిల్లల చేతే, సైన్సు మాస్టారి సమక్షంలో చేయిద్దాం. ఫ్లోరైడు, నైట్రేటు, క్లోరిన్ చూసే చిన్న కిట్టు ఖర్చు మన వార్షికోత్సవం షామియానా ఖర్చులో ఒక వంతుకు మించదు. రెండు, ఈ చదువులో ఉన్న మన పూర్వ విద్యార్థులు, కర్నూలులో ఉన్నా కాలిఫోర్నియాలో ఉన్నా, ఏడాదికి ఒక్క పిల్లకో పిల్లాడికో దారి చూపడం. తొలి ఏడు కిట్టు ఖర్చు నాది. మూడో వరుసలో లేచి అడిగిన అమ్మాయి ఇప్పుడు ఇంటర్‌లో ఉంది. ఆమెకు ఫోను చేసే బాధ్యత కూడా నాదే.

పోరుమామిళ్ల శాసనంలో మొదటి అంగమైన రాజును మనం ఓటేసి ఎన్నుకోవాలి. రెండో అంగమైన జలశాస్త్రం తెలిసినవాణ్ణి మన బడి తయారుచేయగలదు. పన్నెండో అంగం, పని తెలిసిన మనుషుల బృందం, యాభై ఏళ్లుగా మన సంఘంలోనే ఉంది. ఈ వేసవికి ముందే మొదటి బిందె నీళ్లు పరీక్షకు పెడదాం.